మూడో కాపీ

2024 జనవరి 23, మంగళవారం. దుబాయ్ డేరా పేటలోని ఆఫీసు, మీటింగు గది. హాజరైనవారు: డైరెక్టరు, ఎడిటరు, ఎకౌంట్సు చూసే ఆవిడ, చాయ్ పెట్టే అతను, నేను.

నా డైరీలో ఏ రోజైనా ఇలాగే మొదలవుతుంది. ముందు ఎవరెవరున్నారో రాసుకుని, తరవాతే ఏం జరిగిందో రాస్తాను. మనుషులు ఖాయమైతే మాటలు వాటంతట అవే గుర్తుకొస్తాయి. 2022 మే నెలలో నా వీడ్కోలు భోజనం నాటి పేజీలోనూ సరిగ్గా ఈ మనుషులే ఉన్నారు. కాకపోతే ఆ పేజీలో ఒక్కొక్కరి పక్కన ఇంకో ముక్క కూడా రాశాను. డైరెక్టరు: నవ్వాడు, అందరికన్నా ముందు. ఎడిటరు: నవ్వాడు, ప్లేటు వైపు చూస్తూ. ఎకౌంట్సు ఆవిడ: నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. చాయ్ అతను: లేదు. అప్పుడే బిర్యానీ గిన్నెతో లోపలికొచ్చి, అందరూ ఎందుకు నవ్వుతున్నారని అడిగాడు.

మంగళవారం నాడు మళ్ళీ ఆ నలుగురే ఉండటం కాకతాళీయం కాదు. వాళ్ళుంటేనే వస్తానని చెప్పి మరీ వెళ్ళాను.

దుబాయ్‌లో వీడియోలు తీసే ఆ చిన్న కంపెనీలో నేను స్టోరు చూసేవాణ్ణి. స్టోరంటే కెమెరాలుండే గది కాదు, తీసిన బొమ్మ ఉండే గది. మొదట్లో టేపులు, తరవాత హార్డ్ డిస్కులు. చేతికిచ్చే సినిమా అయిదు నిమిషాలుంటే దానికోసం తీసింది రోజుల తరబడి ఉంటుంది. సినిమా ఇచ్చేశాక అందరూ ఇంకో పనిలోకి వెళ్ళిపోతారు. మిగిలిన ఆ కొండని ఏం చెయ్యాలన్నది నా పని. లెన్సు మీద మూత తియ్యకుండా తీసినవీ, కెమెరా ఆపడం మర్చిపోయి నేలను తీసినవీ పారేసేవాణ్ణి. ఒకటే షాటు పదిసార్లు తీసి ఉంటే బాగున్నవి ఉంచేవాణ్ణి. అలా కొండ సగానికి తగ్గేది. మిగిలినదాన్ని మాత్రం కెమెరా మెమరీ కార్డులో ఎలా ఉందో అలాగే, కదపకుండా, ఒక్కో కార్డుకి ఒక్కో ఫోల్డరు చేసి, పైన తేదీ, చోటు, కెమెరా రాసేవాణ్ణి. వెతుక్కోవడానికి అన్నిటికీ చిన్న సైజు నకలు ఒకటి. అసలువి మూడు కాపీలు. ఒకటి వాడుకకి, ఒకటి బీరువాలోకి, ఒకటి వేరే బిల్డింగులోకి.

వేరే బిల్డింగు మాకు లేదు. కంపెనీ పెట్టిన పెద్దాయన, "మీ ఇల్లే మనకి వేరే బిల్డింగు" అన్నారు. అప్పట్నుంచి మూడో కాపీ పక్కపేట నైఫ్‌లో మా ఇంట్లోనే ఉండేది. ఆయనే పెట్టిన ఆనవాయితీ ఇంకొకటి ఉంది. స్టోరు నుంచి ఏదైనా చేతులు మారేటప్పుడు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ పక్కపక్కన కూర్చుని, మొదలు, మధ్య, చివర చూడాలి. టేపుల రోజుల్లో మొదలు బాగుండి మధ్యలో ఖాళీగా ఉన్న టేపు ఒకటి మా పరువు తీసింది. ఆ తరవాత ఎంత పెద్దవాడైనా సరే, కూర్చుని చూడకుండా నా గది దాటి ఏదీ తీసుకెళ్ళలేదు.

పెద్దాయన రిటైరై వాళ్ళ దేశం వెళ్ళిపోయాక ఈ డైరెక్టరు వచ్చాడు. విజయవాడ వైపు కుర్రాడు, చురుకైనవాడు. మొదటిరోజు నుంచీ నన్ను బాబాయ్ అన్నాడు. కరోనా కొంచెం సద్దుమణిగాక, అబుదాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లో పైపులు చేసే ఫ్యాక్టరీ ఒకటి తమ మీద సినిమా తియ్యమంది. నెలల తరబడి తీశారు. కొత్త లైను మొదలయిన రోజున ఆ ఫ్యాక్టరీ ముసలి యజమాని తన చేతులతో స్విచ్చి వేయడం కూడా తీశారు. సినిమా అయిపోయినా ముడి ఫుటేజి కొన్నేళ్ళపాటు దాచి ఉంచాలని ఒప్పందం.

సినిమా ఇచ్చేశాక డైరెక్టరు పెద్ద స్టోరేజి డబ్బా ఒకటి కొన్నాడు. దాని పక్కన ఇంకోటి, మొదటి దాన్ని చూసి రాసుకునేది. నా ఫోల్డర్లు చూసి నవ్వాడు.

"ఎందుకు బాబాయ్ ఇన్ని అరలు? అన్నీ ఒకచోట పోసేస్తే ఒక్క క్లిక్కుతో వెతుక్కోమా?"

"పోస్తే పోతాయి బాబూ. కందిపప్పూ పెసరపప్పూ కలిస్తే కూర్చుని ఏరుకోవచ్చు. ఇవి ఏరుకోడానికి మిగలవు."

"మీరింకా టేపుల్లోనే ఉన్నారు బాబాయ్. యల్లా, పదండి, మీరు రెస్టు తీసుకోండి, ఇది నేను చూసుకుంటా."

సెలవురోజున వచ్చి తనే చూసుకున్నాడు. ఆ కెమెరా ప్రతి కొత్త కార్డులోనూ మొదటి షాటుకి ఒకటే పేరు పెడుతుంది, రెండోదానికి ఒకటే పేరు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పెద్దకొడుక్కి ఒకే పేరు పెట్టినట్టు. అందర్నీ ఒకే గదిలోకి తోస్తే, ఈ పేరుగలవాడు ముందే ఉన్నాడు, వాణ్ణి తీసేసి వీణ్ణి పెట్టనా అని కంప్యూటరు అడుగుతుంది. పెట్టమన్నాడు. అన్నిటికీ అలాగే చెయ్యమన్నాడు. కార్డు మీద కార్డు వచ్చి కూర్చుని చివరికి ఒక్క కార్డంత మిగిలింది. పక్క డబ్బా ఆ తప్పుని కూడా భక్తిగా రాసుకుంది. పాత డిస్కులు రెండు జతలూ తుడిచేసి తరవాతి షూటింగుకి పంపించేశాడు.

వెల్డర్ల షాటు ఒకటి కావలసి ఎడిటరు వెతికినప్పుడు సంగతి బయటపడింది. నా రిటైర్మెంటుకి అప్పటికి కొద్దిరోజులే ఉంది. నాకు కంగారేమీ లేదు. మూడో కాపీ మా ఇంట్లో ఉంది. వీడ్కోలు భోజనం రోజున ఆ డిస్కులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళాను. స్వీటు తిన్నాక అతన్ని పక్కకి పిలిచి, నలుగురిలో కాకుండా, ఇచ్చేసి పోదామని. సంచి నా కుర్చీ పక్కనే ఉంది.

భోజనాల మధ్యలో అతను గ్లాసు పట్టుకుని లేచాడు.

"మా బాబాయ్ ఇన్నేళ్ళ సర్వీసులో పోగొట్టింది ఒక్కటే. అదీ మొత్తం ఐకాడ్."

నవ్వారు.

"వయసండీ, ఏం చేస్తాం. మనకీ వస్తుంది" అని నా భుజం తట్టి కూర్చున్నాడు.

నేను కాలితో సంచిని కుర్చీ కిందకి తోశాను. స్వీటు తిన్నాను. అందరికీ నమస్కారం చెప్పాను. సంచి తీసుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ మాట అక్కడితో ఆగి ఉంటే ఏమో. ఆగలేదు. మా అమ్మాయి ఇక్కడ నర్సు. నేను తన వీసా మీద ఉండిపోయాను, ఏదైనా చిన్న పని దొరక్కపోతుందా అని. నాకు తెలిసిన స్టూడియోలు నాలుగైదు తిరిగాను. కబురు చేస్తామన్నారు. ఒకాయన మాత్రం దాచకుండా చెప్పాడు: "అంకుల్, ఐకాడ్ ఫుటేజి మీ చేతిలోనే పోయిందట కదా. మావాళ్ళు భయపడుతున్నారు." ఈ దేశంలో నేను సంపాదించుకున్నది ఒక్కటే, నా చేతిలో ఏదీ పోదన్న పేరు. అది పోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. తెచ్చుకునేటప్పుడు అవతలివాడికి నొప్పి తెలియాలి. నాకు రెండూ కావాలి. ఒకటి చాలని ఎప్పుడూ అనుకోలేదు.

డిస్కుల్ని బాల్కనీ స్టోరులో పెట్టలేదు. ఇక్కడి ఎండకి అక్కడ పచ్చడి సీసాలే పొంగుతాయి. పడగ్గదిలో, ఏసీ గాలి తగిలే బీరువాలో, మా అమ్మాయి యూనిఫారాల కింద పెట్టాను. వాడకుండా వదిలేస్తే డిస్కు లోపల బిగుసుకుపోతుందని మూడు నెలలకోసారి తీసి, తిప్పి, నాలుగు షాట్లు చూసి, మళ్ళీ పెట్టేవాణ్ణి.

"ఏంటి నాన్నా, పెళ్ళిచూపులకి ముస్తాబు చేసినట్టు తుడుస్తున్నారు ఆ డబ్బాల్ని" అనేది మా అమ్మాయి.

"ముస్తాబేనే. సంబంధం దానంతట అదే వస్తుంది చూడు."

పగకీ డిస్కుకీ ఒకటే పథ్యం. వేడి తగలకూడదు, ఊరికే కుదపకూడదు, అప్పుడప్పుడు తీసి చూసుకుంటూ ఉండాలి.

ఈ జనవరిలో సంబంధం వచ్చింది. డైరెక్టరు స్వీట్ల డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మా లిఫ్టు పాడయింది, సంతోషించాను. ఐకాడ్ ముసలి యజమాని పోయారట. ఆయన జ్ఞాపకార్థం ఫ్యాక్టరీవాళ్ళు ఇంకో సినిమా తీయించుకుంటున్నారు, ముడి ఫుటేజి అంతా పంపమన్నారు, ముఖ్యంగా ఆయన స్విచ్చి వేసిన రోజుది. తన దగ్గర అంతా భద్రంగా ఉందని ఇతను వాళ్ళకి ముందే చెప్పి ఉన్నాడు. పోయిందని నా గురించి చెప్పింది మనవాళ్ళ మధ్యనే.

"మన చాయ్ అతను అన్నాడు బాబాయ్. స్టోరు సార్ ఇంట్ల ఒక కాపీ పెడ్తుండే గద, యాదికి లేదా సార్, అని. నిజమేనా?"

"నిజమే."

అతను కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. "రెండేళ్ళ నుంచీ ఒక్క మాట చెప్పలేదేంటి బాబాయ్?"

"నువ్వు అడగలేదు. పోయిందని అందరికీ చెప్పావు కదా, పోయిందేమో అనుకున్నాను."

తీసుకెళ్ళిపోదామని కారు తాళాలు తీశాడు. ఆనవాయితీ గుర్తుచేశాను. ఆఫీసుకి నేనే తెస్తాను. ఆ రోజు భోజనంలో ఉన్న నలుగురూ ఉండాలి. లేబులు నువ్వు చదవాలి, మీ డబ్బాలో అది ఉందో లేదో నువ్వే చెప్పాలి. తరవాత మొదలు, మధ్య, చివర. అతను ఇంతేనా అన్నట్టు నవ్వి ఒప్పుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. తెర మీద ఒక పక్క వాళ్ళ పెద్ద డబ్బా, ఇంకో పక్క నా డిస్కు.

"ఐకాడ్, రెండో షెడ్డు, వెల్డింగు, ఉదయం, మొదటి కెమెరా" అని చదివాడు డైరెక్టరు.

"మీ దాంట్లో ఉందా?"

"లేద్సార్" అన్నాడు ఎడిటరు, వెతికి. జగిత్యాల వైపు మనిషి, ఎప్పుడూ మాట తక్కువ.

"నిన్ను అడగలేదు నాన్నా. ఆయన చెప్పాలి."

"లేదు బాబాయ్."

"ఐకాడ్, కార్మికుల క్యాంపు గేటు, సాయంత్రం బస్సులు, రెండో కెమెరా."

"ఉందా?"

"లేదు."

అలా చదివించాను. ఒక్కో డిస్కులో ఎన్ని కార్డులో అన్నీ. తొందరపడి రెండు లేబుళ్ళు కలిపి చదివితే విడివిడిగా మళ్ళీ చదివించాను. మొదట్లో గొంతు మామూలుగానే ఉంది. రెండో డిస్కుకి చొక్కా పై బొత్తాం తీసుకున్నాడు. మూడో డిస్కుకి "లేదు" అనేది మాటలా కాకుండా దగ్గులా వినిపించడం మొదలయింది.

"అన్నయ్యగారండీ, ఇవన్నీ ఇవాళే చదవాలాండీ?" అంది ఎకౌంట్సు ఆవిడ. కాకినాడ మనిషి.

"చదవాలమ్మా. పోయినవాటి పేర్లు ఒకసారైనా పైకి చదవాలి."

చాయ్ అతను ట్రేతో గుమ్మంలో నిలబడి తెర వైపు చూశాడు. "గిది గూడ లేదా సార్?"

ఎకౌంట్సు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి నాకు గుర్తే. ఈసారి నా కోసం కాదు.

"బాబాయ్, ఖలాస్. నాకు అర్థమైంది" అన్నాడు డైరెక్టరు. "సంతకం పెట్టేస్తా, ఇచ్చేయండి."

"మధ్య చూడలేదు. చివర కూడా ఉంది."

ఏడు డిస్కులూ అలాగే అయ్యాయి. కిటికీలో ఎండ పసుపురంగుకి తిరిగింది. అప్పుడు ఆ రోజుకి నేను దాచుకున్న ఒక్క ప్రశ్న అడిగాను.

"ఇన్ని ఎలా పోయాయి బాబూ?"

అతను నలుగురి వైపూ చూశాడు. "సిస్టంలో ఏదో అయింది బాబాయ్."

"సిస్టంలో ఎవరు చేశారు?"

"ఎవరు చెయ్యడమేంటి? సిస్టమే."

ఎడిటరు కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు.

"నా వీడ్కోలు రోజున ఈ సిస్టం నీకు గుర్తురాలేదు" అన్నాను. సంచిలోంచి ఎనిమిదో డిస్కు తీసి లేబులు పైకి తిప్పి చూపించాను. కొత్త లైను, స్విచ్చి, ఫ్యాక్టరీ యజమాని. చదివేదాకా పట్టుకుని, మళ్ళీ సంచిలో వేసుకున్నాను. మనిషిని ఎరిగినవాణ్ణి కనక దాన్ని మొదట్నుంచీ బయటికి తియ్యలేదు.

"బాబాయ్, వాళ్ళకి కావాల్సింది అదే కదా."

"తెలుసు."

"రేపు పొద్దున పదింటికి వాళ్ళ మనిషి వస్తున్నాడు."

"అయితే ఇంకా టైముంది."

నడిచే ఇంటికి వెళ్ళాను. దారిలో, ఎప్పుడూ లేనిది, జిలేబీ కొనుక్కున్నాను. పొట్లం చూసి మా అమ్మాయి అడిగింది, "ఎవర్ని ఏడిపించి వస్తున్నారు నాన్నా?"

చెప్పాను. పొట్లం విప్పి ప్లేటులో పెట్టింది.

"ఇచ్చేయొచ్చు కదా. ఆ పోయినాయన ఏం చేశాడు మిమ్మల్ని?"

"ఆయనకేమీ కాలేదు. రెండేళ్ళుగా ఆయన్ని ఏసీలో పెట్టి చూసుకుంటున్నది నేను. వాళ్ళ దగ్గర ఉండుంటే ఎప్పుడో పోయేవాడు."

"మీతో వాదించలేం" అని ఒక జిలేబీ తీసుకుంది.

మర్నాడు పొద్దున నేను డైరీ రాస్తూండగా బెల్లు మోగింది. ముందురోజు సంగతి తెల్లారి రాయడం నా పద్ధతి. డైరెక్టరు మూడో అంతస్తు ఎక్కి రొప్పుతూ నిలబడ్డాడు. ఎడిటరు కింద కారులో ఉన్నాడట. నైఫ్‌లో పార్కింగు దొరక్క ఆ వీధి చుట్టూ తిరుగుతున్నాడట.

"కూర్చో. నిన్నటిది ఇంకా పూర్తి కాలేదు" అన్నాను.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. గడియారం వైపు చూశాడు. నేను రాసుకుంటూనే ఉన్నాను.

"బాబాయ్, ప్లీజ్."

"ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. ఐకాడ్ ఫుటేజి పోగొట్టింది ఎవరని రాయను?"

అతను మళ్ళీ గడియారం చూశాడు. తరవాత ఫోను తీశాడు. ఆఫీసుకి చేసి స్పీకరులో పెట్టాడు. ఎకౌంట్సు ఆవిడ ఎత్తింది. చాయ్ అతన్ని కూడా దగ్గరికి పిలవమన్నాను. ఎడిటరు ఏడీ అన్నాను. కింద తిరుగుతున్నవాణ్ణి కూడా ఆ కాల్లోనే కలిపాడు.

"అందరూ వినండి" అన్నాడు. గొంతు కిందికి దిగింది. "ఐకాడ్ ఫుటేజి పోగొట్టింది బాబాయ్ కాదు. నేను. ఆ సెలవురోజు వచ్చి అన్నీ ఒకే ఫోల్డరులో వేసింది నేనే."

కారు హారను వినిపించింది.

"నాకెర్కే సార్" అన్నాడు ఎడిటరు కింది నుంచి. "గప్పుడే ఎర్క."

వీడ్కోలు భోజనంలో ప్లేటు వైపు చూస్తూ ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది. అది కూడా రాసుకున్నాను.

"సరేనండి, విన్నాం. అది మాకు నిన్ననే తెలిసిపోయింది లెండి" అంది ఎకౌంట్సు ఆవిడ. "ఇంతకీ డిస్కు ఇచ్చారాండీ అన్నయ్యగారు? ఫ్యాక్టరీ ఆయన ముందే వచ్చేసి కూర్చున్నారు. ఏం చెప్పమంటారు?"

"బయల్దేరానని చెప్పండి" అని డైరెక్టరు లేచి చెయ్యి చాపాడు.

నేను డైరీ మూసి, బీరువా తెరిచి, డిస్కు తెచ్చాను. అతని చేతిలో పెట్టలేదు. బల్ల మీది కంప్యూటరుకి తగిలించి, కుర్చీ దగ్గరికి లాగాను.

"మొదలు, మధ్య, చివర."

"బాబాయ్, అక్కడ మనిషి కూర్చున్నాడు."

"ఇక్కడా ఒకడు రెండేళ్ళు కూర్చున్నాడు."

కూర్చున్నాడు. తెర మీద ఆ ముసలాయన హెల్మెట్టు పట్టీ బిగించుకోవడానికి తంటాలు పడుతున్నాడు. ఎవరో సాయం రాబోతే వద్దన్నాడు. పట్టీ పడటం లేదు. డైరెక్టరు చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది.

"ఇంకా మొదట్లోనే ఉన్నాం" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. నేను కాఫీ పెట్టడానికి లేచాను. పాలు సన్నటి సెగ మీద పెట్టాను.